ఒక షెడ్డు, రెండు కార్లు

అక్టోబరు ఆఖరి శనివారం పొద్దున్నే మెర్ల్ హట్సెల్ ఆ రోజు జరగబోయేదంతా కాఫీ తాగుతూ భార్యకు ముందే చెప్పేశాడు. తిన్నగా బీన్ క్రీక్ రేసు మైదానానికి వెళ్తాడు. మధ్యాహ్నం అల్లుడి జపాన్ కారుతో పందెం వేసి గెలుస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి తన పాత ఎర్ర కారు షెవెల్‌ని షెడ్డులో పెట్టి, తలుపు వేసి, మంచు కురవడం మానేసేదాకా ఆ తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వడు. రాత్రి భోజనంలోకి పోర్క్ చాప్స్ ఉంటే బాగుంటుంది.

"ఒకవేళ ఓడిపోతే?" అంది ఓపల్, ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోస్తూ.

"ఆ పని ఇవాళ పెట్టుకోలేదు" అన్నాడు మెర్ల్.

ఆయన హాస్యానికి అనలేదు. ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపి, ఒక్కరోజు కూడా ఆలస్యం కాని మనిషి. తాను అనుకున్నది అనుకున్నట్టు జరగడం ఆయనకు సూర్యుడు ఉదయించడం లాంటిదే. అందులో ఆశ్చర్యపడాల్సింది గానీ, దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సింది గానీ ఏమీ ఉండదు.

గొడవంతా షెడ్డు గురించి. మెర్ల్ ఇల్లు రెండంతస్తులు. కింద ఆయనా ఓపలూ ఉంటారు. పైవాటాలోకి వేసవికి ముందు కూతురు టెస్, అల్లుడు ఎమెట్ సాబో వచ్చి చేరారు. ఇంటికి వాటాలు రెండైనా కార్ల షెడ్డు ఒక్కటే. అందులో పట్టేదీ ఒక్క కారే. ఒహాయోలో చలికాలం మొదలైతే రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పూ ఆ తడీ కలిసి పాత ఇనుమును చెదపురుగుల్లా తినేస్తాయి. మెర్ల్ పెళ్లికి ముందు కొన్న కారు ఆ షెవెల్. అది ఒక్క చలికాలం టార్పాలిన్ కింద గడిపితే, వసంతానికి టార్పాలిన్ మాత్రం మిగులుతుందని ఆయన భయం. ఆ భయాన్ని భయమని ఎవరితోనూ అనలేదు, అది వేరే సంగతి.

ఎమెట్ మాత్రం చెడ్డవాడు కాదు. లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, తిన్న కంచం తనే కడుగుతాడు. జపాన్ నుంచి దిగిన కొత్త కారు కొనుక్కున్నాడు. తలుపు తీయగానే అదే మనిషిని పలకరిస్తుంది. "అంతంత కబుర్లు చెప్పే కారుకి పనిచేసే తీరికెక్కడిది?" అని మెర్ల్ మొదటిరోజే తేల్చేశాడు. కిందటి ఆదివారం భోజనాల దగ్గర ఎమెట్ షెడ్డు సంగతి మర్యాదగానే ఎత్తాడు.

"ఒక నెల మీరు, ఒక నెల నేను పెట్టుకుందామా మెర్ల్?"

"షెడ్డంటే ఉయ్యాల కాదబ్బాయ్, వంతులేసుకోవడానికి" అన్నాడు మెర్ల్. "శనివారం రేసులో తేల్చుకుందాం. ఎవడు గెలిస్తే చలికాలమంతా షెడ్డు వాడిది. మళ్లీ ఎవరూ ఎవరినీ ఏమీ అడగకూడదు."

అంత కొత్త కారుతో ఇంత పాత కారుకి పందెమేమిటని అడగొచ్చు. బీన్ క్రీక్‌లో దానికో పద్ధతి ఉంది. పావుమైలు దూరాన్ని తన కారు ఎన్ని సెకన్లలో దాటుతుందో ప్రతివాడూ తెల్ల బూటు పాలిష్‌తో కారు అద్దం మీద తనే రాసుకోవాలి. ఎక్కువ సెకన్లు రాసుకున్నవాడికి పచ్చ లైటు అంత ముందుగా వెలుగుతుంది. ఇద్దరూ రాసుకున్న ప్రకారమే వస్తే గీత దగ్గర ఇంచుమించు ఒకేసారి కలుస్తారు. గీత ముందు దాటినవాడిది గెలుపు. ఒక్కటే మెలిక. రాసుకున్నదానికన్నా తొందరగా వచ్చేస్తే అబద్ధం రాసినట్టు లెక్క, అప్పుడు ముందొచ్చినా ఓడినట్టే.

కాబట్టి అక్కడ గెలవాలంటే కారు ఉరకడం కన్నా మాట మీద నిలబడటం ముఖ్యం. మెర్ల్ షెవెల్ ఎప్పుడు పరిగెత్తించినా పదమూడున్నర సెకన్లు. వెనక చక్రాలు నేలను గట్టిగా పట్టుకోవడానికి డిక్కీలో ఆయన నాలుగు ఉప్పు బస్తాలు, పనిముట్ల పెట్టె, స్పేర్ చక్రం ఎక్కడివక్కడ సర్ది పెట్టుకున్నాడు. ఆ బరువులో తేడా రాదు, ఆ సెకన్లలోనూ తేడా రాదు. ఆయన ధీమా అంతా అదే.

ఆ ధీమాకు మొదటి గండి పొద్దున్నే ఇంట్లోనే పడింది. మెర్ల్ గెడ్డం గీసుకుంటుండగా ఓపల్ షెడ్డులోకి వెళ్లి డిక్కీ తెరిచింది. ఇంట్లో నీళ్ల గట్టిదనం తీసే మిషన్‌లో పోసే ఉప్పు బస్తాలు అక్కడ తీరిగ్గా పడుకుని ఉన్నాయి. "తెచ్చినవాడికి దింపాలన్న ధ్యాస లేదు" అనుకుంది. కార్ల గురించి ఓపల్‌కి తెలిసింది ఒక్కటే, తేలిగ్గా ఉన్నది తొందరగా పోతుందని. మోకాళ్ల నొప్పిని కూడా లెక్కచేయకుండా నాలుగు బస్తాలూ దింపింది. పనిముట్ల పెట్టె దింపింది. చక్రాన్ని దొర్లించుకుంటూ వెళ్లి గోడకు ఆనించింది. ఆయనకు చెబితే వద్దంటాడు కాబట్టి చెప్పలేదు. గెలిచి వచ్చాక చెబుదామని ముచ్చటపడింది.

బీన్ క్రీక్‌లో అసలు పందేలకు ముందు ఎవరి కారును వాళ్లు పరీక్షించుకోవచ్చు. మెర్ల్ అద్దం మీద పదమూడున్నర అని రాసి, హెల్మెట్ పెట్టుకుని, వచ్చే జవాబు తెలిసిన లెక్క చేస్తున్నట్టు కారు దూకించాడు. చివర బోర్డు మీద పదమూడుంపావు అని వెలిగింది.

ఆయన కారు పక్కన ఆపి, హెల్మెట్ తీసి, తిన్నగా మైకు మేడ ఎక్కాడు. అక్కడ కూర్చునేది గ్రెచెన్. మైదానం నడిపేదీ, గడియారాలు చూసేదీ, తీర్పు చెప్పేదీ ఆవిడే. ఒకప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. ఆ రోజుల నుంచీ ఎవరి మాటకూ బెదరడం మానేసింది.

"గ్రెచెన్, నీ గడియారం పాడైంది."

"పొద్దుట్నుంచీ ఇంతమంది కార్లు తిప్పారు మెర్ల్. ఒక్కళ్లూ ఏమీ అనలేదు."

"వాళ్లకి తెలీదు."

"ఇంతమందికీ తెలీదు, నీకొక్కడికే తెలిసింది."

"నాకు చాలాసార్లు అలాగే అవుతుంది" అన్నాడు మెర్ల్.

గ్రెచెన్ మైకు ఆపడం మరిచిపోయింది. మరిచిపోలేదనే వాళ్లూ ఉన్నారు. ఆ నాలుగు ముక్కలూ మైదానమంతా వినబడ్డాయి, మెట్ల వరసల మీద జనం విరగబడి నవ్వారు. మెర్ల్ ఆ నవ్వును మరో కారు గురించి అనుకుని హుందాగా మెట్లు దిగాడు.

ఆ మాటలు విన్నవాళ్లలో రోలీ ఒకడు. రోలీ మెర్ల్‌కు చిన్ననాటి స్నేహితుడు, మైదానం గేటు దగ్గర సాసేజీల కొట్టు పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ గేటు దగ్గరే ఉన్నా రేసు ఒక్కటీ చూసి ఎరగడు, ఎప్పుడూ వీపు అటే. గడియారం మీద మెర్ల్ తగువు వేసుకున్నాడంటే కారు నెమ్మదిగా వచ్చి ఉంటుందని రోలీ లెక్కగట్టాడు. తొందరగా వచ్చానని దెబ్బలాడేవాడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా? స్నేహితుడి అవస్థకు అతని మనసు కరిగిపోయింది.

కుర్రాళ్లు తన దగ్గర ఐసు కొనుక్కెళ్లి ఇంజను మీద పెట్టడం, ఇంజను చల్లబడితే కారు జోరందుకుంటుందనడం రోలీ చాలాసార్లు విన్నాడు. ఆ చలిలో కూల్‌డ్రింకులు అడిగేవాళ్లు లేక అతని పెట్టెల్లో ఐసు దండిగా ఉంది. మెర్ల్ కారు దగ్గరకొచ్చి, డిక్కీ సర్దింది తనే కాబట్టి అది తెరవకుండా, వేరే తప్పేదీ దొరక్క టైర్లను అనుమానంగా చూస్తున్నాడు.

"నీ మొహం చూస్తే పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు" అన్నాడు రోలీ. "కొట్లో వేడి సాసేజీ ఉంది, వెళ్లి తిను. కారు నేను చూసుకుంటా."

"కారు చూడ్డానికి నీకేం తెలుసు?"

"చూడ్డానికి ఏం తెలియాలి? కళ్లుంటే చాలు."

మెర్ల్ అటు వెళ్లగానే రోలీ బానెట్ ఎత్తి రెండు సంచుల ఐసు ఇంజను మీద పరిచి కూర్చున్నాడు. ఆయన వచ్చే వేళకు సంచులు తీసేసి, బానెట్ మూసి, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు. రెండో పరీక్షలో బోర్డు మీద పదమూడుకు కాస్త పైన వెలిగింది.

ఈసారి మెర్ల్ మేడ ఎక్కలేదు. స్టీరింగు పట్టుకుని లెక్క వేశాడు. ఒకసారైతే గడియారం తప్పు. రెండోసారి కూడా అయిందంటే కారణం వేరే ఉండాలి. ఆ కారణం ఆయనకు చప్పున తట్టింది. కిందటి నెల కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేసింది ఎవరు? ఆ చేతులెవరివి? ఆయన తన రెండు చేతులూ ఎత్తి, వాటిని కొత్తగా చూసుకున్నాడు.

"ఈ వయసులో కూడా" అన్నాడు వాటితో, ప్రేమగా.

ఇక ఆగలేదు. అద్దం మీద పదమూడున్నర తుడిచేసి, తాటికాయంత అంకెలతో పదమూడు అని రాశాడు. బోర్డు చూపించింది అంతకన్నా కాస్త ఎక్కువే. పందెం వేళకు గాలి ఇంకాస్త చల్లబడుతుంది, ఆ కాస్తా కారు తనే పూడ్చుకుంటుందని నమ్మాడు. ఆ అంకె మీద నిన్నటిదాకా ఉన్న ధీమాకు మరో రెండింతలు ధీమా పెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఓపల్, టెస్ సాండ్‌విచ్‌ల బుట్టతో వచ్చారు. రోలీ కొట్టు దగ్గర నిలబడి ఓపల్ తన ఘనకార్యం మెల్లగా బయటపెట్టింది. రోలీ కూడా మురిసిపోతూ తన ఐసు కథ చెప్పాడు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. టెస్ చేతిలో సాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది.

"మమ్మీ, తొందరగా వస్తే గెలవరు" అంది టెస్. "రాసిందానికన్నా తొందరగా వస్తే ఓడిపోతారు. డాడీ పదమూడున్నర అని రాస్తారు. మీరిద్దరూ కలిసి ఆయన్ని ముంచేశారు."

"తొందరగా వస్తే ఓడిపోవడం ఏంటే?" అంది ఓపల్. "అదేం రేసు?"

"ఇన్నేళ్లుగా మీ ఆయన ఆడేది అదే" అంది టెస్.

ఓపల్‌కి అప్పుడు అర్థమైంది. ఆ కారు మంచులో నిలబడితే ఆయన ఏమైపోతాడో ఇంట్లో ఆవిడ ఒక్కదానికే తెలుసు. వానపడిన రాత్రుళ్లు షెడ్డు పైకప్పు కారుతోందేమోనని ఆయన లేచి వెళ్లి చూసొచ్చేవాడు. వెంటనే వెళ్లి చెప్పేద్దామంది.

"చెప్పావో, రేసు మానేసి మన మీద పడతాడు" అన్నాడు రోలీ. "చప్పుడు చేయకుండా బరువు మళ్లీ పెట్టేద్దాం. ఇంజన్ని మళ్లీ వేడి చేద్దాం. ఉన్నది ఉన్నట్టయితే పదమూడున్నరా వచ్చేస్తుంది."

"అంకె ఏమన్నా మార్చి రాశారేమో?" అంది టెస్.

"మెర్లా? అంకె మార్చడమా?" అని రోలీ నవ్వాడు. ఆ నవ్వుతో అందరికీ ధైర్యం వచ్చింది, వెళ్లి అద్దం చూసినవాళ్లు లేరు.

టెస్ సాండ్‌విచ్ తినిపించే మిషతో తండ్రిని దూరంగా తీసుకెళ్లింది. ఓపలూ రోలీ కారు వెనక్కి చేరారు. ఉప్పు బస్తాలు ఇంట్లో ఉన్నాయి. రోలీ కొట్లో ఒక బంగాళదుంపల మూట, ఒక ఉల్లిపాయల మూట దొరికాయి, రెండూ ఎక్కించారు. అది చాలదేమో అనిపించింది ఓపల్‌కి. పక్కనే చర్చి వాళ్లు పండగకు గుమ్మడికాయలు అమ్ముతున్నారు. నాలుగు బస్తాలకు ఎన్ని గుమ్మడికాయలు సమానమో ఇద్దరికీ తెలియదు. తక్కువయ్యే కన్నా ఎక్కువైతేనే నయమనుకుని డిక్కీ మూత పడేదాకా నింపారు. రోలీ ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి తెచ్చి బానెట్ మీద కప్పి, చంటిపిల్లాడిని జోకొట్టినట్టు సర్దాడు, ఆ హడావిడిలో ఎదురుగా అద్దం మీదున్న అంకె వైపు తలెత్తలేదు.

మెర్ల్ తిరిగొచ్చేసరికి దుప్పటి తీసేశారు. కారు వెనక భాగం మాత్రం నేలకు దిగిపోయి ఉంది. వరసలో పక్కనే జపాన్ కారు ఆపుకుని ఉన్న ఎమెట్‌కి ఆయన దాన్ని చూపించాడు.

"చూశావా అబ్బాయ్, దూకేముందు పులి వెనక్కి వంగినట్టు వంగింది. దానిక్కూడా తెలుసు ఇవాళ సంగతేంటో."

ఎమెట్ తలూపాడు. తన అద్దం మీద పదకొండు అని రాసుకున్నాడు. ఆ కారు కచ్చితంగా అంతే తీసుకుంటుంది, కంప్యూటరు చూసుకుంటుంది. అతనికి షెడ్డు కావాలి. మొదటిసారి కొత్త కారు కొనుక్కున్నవాడు, ఆ ఆశ ఎవరికి ఉండదు? కానీ పిలుపు కోసం కాచుకుని ఉండగా అతను కిటికీలోంచి ఒక మాట విన్నాడు. మెర్ల్ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, కారుతో మాట్లాడుతున్నాడు.

"నిన్ను బయట పడుకోబెట్టను. నేనుండగా పడుకోబెట్టను."

ఆ గొంతులో పొద్దుటి మనిషి లేడు. ఎమెట్ మొహం తిప్పేసుకున్నాడు. ఈ ముసలాయన్ని గెలిచి ఇంటికెళ్లి ఆయన ఎదుట భోజనానికి కూర్చోవడం తన వల్ల కాదని అప్పుడే తేల్చుకున్నాడు. ఓడిపోవాలి. ఓడిపోయినట్టు కనిపించకుండా ఓడిపోవాలి. అందులోనే ఉంది చిక్కంతా.

"ఎడమ దారిలో షెవెల్, మెర్ల్ హట్సెల్, పదమూడు" అని మైకులో చదివింది గ్రెచెన్. "కుడి దారిలో ఎమెట్ సాబో, పదకొండు. పందెం ఒక షెడ్డు."

కంచె దగ్గర నిలబడ్డ ఓపల్ ఆ అంకె విని రోలీ చెయ్యి పట్టుకుంది. "పదమూడన్నారేంటి?" అంది. రోలీ జీవితంలో మొదటిసారి రేసు వైపు తిరిగి నిలబడ్డాడు.

పచ్చ లైటు వెలిగింది. మెర్ల్ కాలు నేలకు అదిమాడు. షెవెల్ గర్జించి, పొగ కక్కి, ఎడ్లబండి గట్టు ఎక్కినట్టు బయల్దేరింది. డిక్కీలో ఏదో దబదబా కొట్టుకుంటోంది. కారు బరువుగా ఉన్నట్టు మెర్ల్‌కి ఒక్క క్షణం అనిపించింది. కానీ తన చేతుల మీద నమ్మకం అంతకన్నా బరువుగా ఉంది. ముప్పాతిక దారిలో ఆయన పక్క అద్దంలోకి చూశాడు. రెండు సెకన్లు ఆగి బయల్దేరిన అల్లుడు ఈపాటికి చెవి పక్కన ఉండాలి. ఎక్కడో వెనక ఉన్నాడు.

మరొకడైతే సంతోషించేవాడు. బీన్ క్రీక్‌లో పుట్టి పెరిగిన మనిషి సంతోషించడు, లెక్క చూసుకుంటాడు. ఆ కారు పదకొండంటే పదకొండే. అది అంత వెనక పడిందంటే, దానర్థం తను మరీ ముందుకొచ్చేశాడని. రాసిన పదమూడు కన్నా తొందరగా వచ్చేస్తున్నాడన్నమాట. అబద్ధికుడైపోతాడు, షెడ్డు పోతుంది. మెర్ల్ బ్రేకు తొక్కాడు.

వెనక ఎమెట్ అప్పటికే కష్టపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి ఉన్నాడు. మామగారి కారు వెనక ఎర్ర లైట్లు వెలగడం చూసి హడలిపోయాడు. ఈ లెక్కన తను ముందుకెళ్లి గెలిచేలా ఉన్నాడు. అతనూ బ్రేకు తొక్కాడు. మెర్ల్ అద్దంలో చూస్తే అల్లుడు ఇంకా వెనకే ఉన్నాడు. ఇంకా తను ముందే ఉన్నాడంటే ఇంకా వేగమన్నమాట. ఇంకోసారి తొక్కాడు. ఎమెట్ కూడా తొక్కాడు.

"ఇద్దరూ నెమ్మదించారు" అంది గ్రెచెన్ మైకులో. "ఇంకా నెమ్మదించారు. ఇటుపక్క ఒక కుక్క వాళ్లని దాటిపోయింది."

గీత ఇంకో నాలుగు కార్ల దూరంలో ఉండగా రెండు కార్లూ, అల్లుడిది ఒక్క మూర వెనగ్గా, పక్కపక్కన పూర్తిగా ఆగిపోయాయి. మెర్ల్ కిటికీ అద్దం దించాడు.

"వెళ్లవేంరా?"

"మీరు వెళ్లండి" అన్నాడు ఎమెట్.

"నేను వెళ్తే ముందొచ్చేస్తాను."

"రండి మరి. అందుకే కదా వచ్చాం."

ఆ జవాబులో ఏదో తేడా ఉంది. మెర్ల్ గేరు న్యూట్రల్‌లోకి తోసి, కారు దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని అల్లుడి కిటికీ దగ్గరకొచ్చాడు. ఎమెట్ కూడా దిగాడు.

"నువ్వు కావాలనే వెనకుండిపోయావు."

"అవును సర్."

"ఎందుకు?"

ఎమెట్ బూట్లు చూసుకుంటూ చెప్పాడు. "మీరు కారుతో అన్న మాట విన్నాను. ఆ షెడ్డు నాకన్నా మీకు ఎక్కువ అవసరం."

మెర్ల్ మొహం ఎర్రబడింది. కోపం వచ్చింది, సిగ్గేసింది, రెండిట్లో ఏది ముందొచ్చిందో ఆయనకే తెలియలేదు. తన కారు మీద తన ప్రాణం ఎంతుందో ఒకడు చూసేశాడు, చూసి జాలిపడ్డాడు. ఇన్నేళ్లూ ఆయన దాచుకున్నది అదొక్కటే.

"నాకెవడి జాలీ అక్కర్లేదు" అన్నాడు. "ఎక్కు కారు. గెలుచుకుపో. షెడ్డు నీది."

"నేనెక్కను. మీరే ఎక్కండి."

"ముందు నువ్వు వెళ్లు అంటున్నానా?"

"పెద్దవారు, ముందు మీరు."

అప్పటికి ఓపల్, టెస్, రోలీ కంచె వెంట పరిగెత్తుకుంటూ వచ్చేశారు. "మెర్ల్, వాడినేమీ అనకు" అంది ఓపల్ రొప్పుతూ. "అదంతా మా పని. పొద్దున్న ఉప్పు బస్తాలు నేనే తీసేశాను."

"ఐసు నేనే పెట్టాను" అన్నాడు రోలీ.

"తర్వాత తప్పు తెలిసి బరువు మళ్లీ పెట్టేశాం" అంది ఓపల్. "కాస్త ఎక్కువే పెట్టాం."

మెర్ల్ తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. పాపం, అవి ఏమీ చేయలేదు. ఆయన వెళ్లి డిక్కీ మూత ఎత్తాడు. లోపల ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్న గుమ్మడికాయలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని రోడ్డు మీదికి దొర్లాయి. వాటిని తప్పించుకోబోయి మెర్ల్ కారు మీద తూలి పడ్డాడు. బీన్ క్రీక్ దారి గీత వైపు కొంచెం పల్లం. గేరులో లేని షెవెల్ ఆ తోపుతో మెల్లగా, ఎవరి అనుమతీ అడగకుండా, కదిలిపోయింది.

"నా కారు" అన్నాడు మెర్ల్. దారి చివర ఇసుక గుంట, దాని వెనక ఇనుప స్తంభాలు ఉన్నాయి. ఆయన పరిగెత్తబోయి గుమ్మడికాయ తగిలి కూలబడ్డాడు.

పరిగెత్తింది ఎమెట్. తెరిచి ఉన్న తలుపు పట్టుకుని పక్కనే కొంత దూరం పరిగెత్తి, ఎలాగో లోపలికి దూరి, రెండు కాళ్లతోనూ బ్రేకు తొక్కాడు. కారు ఆగింది. అప్పటికి గీత దాటి రెండు గజాలు అవతల ఉంది. బోర్డు మీద నాలుగు నిమిషాల పైచిలుకు వెలిగింది. రాసుకున్నదానికన్నా తొందరగా వచ్చాడన్న నింద మాత్రం ఆ అంకె మీద ఎవరూ వేయలేరు.

జనం తీర్పు కోసం మేడ వైపు తిరిగారు. గ్రెచెన్ నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లద్దాలు తీసి, మైకు దగ్గరకు లాక్కుంది.

"గీత ముందు దాటిన కారులో ఎవరు కూర్చుని ఉన్నారో వాళ్లు గెలిచినట్టు. ఆ కారు ఎవరిది, డ్రైవరు ఎక్కడ ఎక్కాడు అని పుస్తకం అడగలేదు. కాబట్టి నేనూ అడగను. గెలిచింది ఎమెట్ సాబో. దయచేసి ఆ గుమ్మడికాయలు ఎవరివో తీసేయండి, వెనక ఇంకా కార్లున్నాయి."

మెర్ల్ రోడ్డు మీదే కూర్చుని ఉన్నాడు. షెడ్డు పోయింది. తను పెట్టిన పందెంలో, తను పెట్టిన షరతు మీద, తన కారే తనను ఓడించింది. ఎమెట్ షెవెల్‌ని నెమ్మదిగా వెనక్కి నడిపించుకొచ్చి పక్కన ఆపాడు. చెయ్యి అందించి ఆయన్ని లేపాడు.

"ఎవడు గెలిస్తే షెడ్డు వాడిదన్నారు కదా?" అన్నాడు.

"అన్నాను" అన్నాడు మెర్ల్. "మాటంటే మాటే."

"మళ్లీ ఎవరూ ఎవరినీ ఏమీ అడగకూడదన్నారు."

"అదీ అన్నాను."

"అయితే షెడ్డు నాది. అందులో ఏ కారు పెట్టుకోవాలో నా ఇష్టం. ఈ ఎర్ర కారు పెట్టుకుంటాను. ఇది జాలి కాదు, గెలిచినవాడి హక్కు. మీరు కాదనడానికి లేదు."

మెర్ల్ కాదనడానికి నోరు తెరిచాడు. తన షరతుల్లో ఒక సందు కోసం అటూ ఇటూ వెతికాడు, దొరకలేదు. ఆ షరతులు పెట్టింది చాలా గట్టి మనిషి. చివరికి ఆయన జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. ఇంటికి నువ్వే నడుపు అన్నాడు. ఆయన కూతురు పుట్టినప్పుడు కూడా ఆసుపత్రికి ఆ సీటులో వేరొకరిని కూర్చోనివ్వలేదు. ఓపల్ ఆ మాట విని మొహం అటు తిప్పి కళ్లు తుడుచుకుంది. ఆ వారమంతా ఆ ఇంట్లో రెండు పూటలా గుమ్మడికాయే తిన్నారు.

డిసెంబరులో మొదటి పెద్ద మంచు పడింది. షెవెల్ షెడ్డులో పొడిగా ఉంది. జపాన్ కారు వాకిట్లో మోకాలి లోతు మంచులో ఉంది. ఇరుగుపొరుగువాళ్లు లేచి చూసేసరికి మెర్ల్ హట్సెల్ చెవుల దాకా టోపీ లాక్కుని, పార పుచ్చుకుని, అల్లుడి కారు మీది మంచును గీత పడకుండా చేతి తొడుగుతో తుడుస్తున్నాడు. అప్పట్నుంచి మంచు పడ్డ ప్రతిరోజూ అంతే. ఎవరైనా అడిగితే వ్యాయామం చేయమని డాక్టరు చెప్పాడంటాడు. ఏ డాక్టరో ఓపల్‌కి ఇంతవరకూ తెలియలేదు.